నేపాళ మాంత్రికుడి అసలు ఊరు ఏది?

మా గేమ్‌లో విలన్‌కి మొదట నల్ల గౌను, నడుము దాకా తెల్ల గడ్డం, శంఖం లాంటి పొడుగు టోపీ పెట్టాం. చేతిలో ఒక వంకర కర్ర. టెక్ ఫెస్ట్ కోసం నలుగురం కలిసి చేస్తున్న చిన్న టూడీ గేమ్ అది. సెలవుల్లో ఇంట్లో లాప్‌టాప్ మీద నడిపిస్తుంటే నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఎవర్రా ఈయన, చర్చి ఫాదరా?" అంది.

కాదు నాయనమ్మా, మాంత్రికుడు అన్నాను.

"మాంత్రికుడంటే ఇట్లుంటాడా? ఎస్వీ రంగారావు లెక్క ఉండాలె గానీ" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా నాకు 'పాతాళ భైరవి' అంటే మీమ్స్‌లో కనిపించే నలుపు తెలుపు ముక్కలే. ఆ రాత్రి సినిమా మొత్తం చూశాను. చూశాక ఆశ్చర్యం వేసింది. హాబిట్లు ఎక్కడ ఉంటారో, హాగ్వార్ట్స్‌లో ఎన్ని హౌస్‌లు ఉన్నాయో మాకు నిద్రలో లేపి అడిగినా చెప్తాం. మన భాషలో ఇంత పెద్ద ఫాంటసీ లోకం ఉంటే దాని వెనక ఏముందో మాత్రం తెలియదు. తర్వాత రెండు నెలలు కొంచెం చదివాను, కొంచెం నాయనమ్మని అడిగాను. ఆ తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ముందు సినిమా సంగతి. 1951 మార్చి 15న విడుదలైంది. విజయా ప్రొడక్షన్స్ వాళ్ళది, అంటే నాగిరెడ్డి, చక్రపాణి. దర్శకుడు కె.వి. రెడ్డి, రాసింది పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్‌లే, సంగీతం ఘంటసాల. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దక్షిణాది నుంచి వెళ్ళిన సినిమా ఇదే. కథ చిన్నదే. ఉజ్జయినిలో తోటమాలి ఇంటి కుర్రాడు తోటరాముడు రాజకుమారి ఇందుమతిని ప్రేమిస్తాడు. ఐశ్వర్యం తెచ్చుకుంటేనే పిల్లనిస్తానంటాడు రాజు. అప్పుడే నేపాళ మాంత్రికుడు ఒక ధైర్యవంతుడైన కుర్రాడి కోసం వెతుకుతుంటాడు. వాణ్ణి పాతాళ భైరవికి బలిస్తే కోరిన కోరికలు తీర్చే ప్రతిమ దొరుకుతుంది. చివరికి బలయ్యేది మాంత్రికుడే, ప్రతిమ దొరికేది రాముడికి. సగం సినిమా అక్కడికే అయిపోతుంది. మాంత్రికుడు మళ్ళీ బతికొచ్చి ప్రతిమ కాజేసి, మేడతో సహా రాజకుమారిని ఎత్తుకుపోవడం మిగతా సగం.

మా టీమ్‌లో ఒకడికి ఈ కథ చెప్పగానే "ఇది అలాద్దీనే కదరా, కాపీ" అన్నాడు. సగం నిజమే. ఏమీ లేని కుర్రాడు, వాణ్ణి వాడుకోవాలని చూసే మాయావి, కోరికలు తీర్చే వస్తువు, ఎగిరిపోయే మేడ, రాజకుమారి, ఇవన్నీ అలాద్దీన్‌లో ఉన్నాయి. కానీ అలాద్దీన్ చరిత్ర కూడా విచిత్రమే. అది అరబ్బుల పాత వెయ్యిన్నొక్క రాత్రుల ప్రతుల్లో లేదు. 1709లో అలెప్పో నుంచి పారిస్ వచ్చిన హన్నా దియాబ్ అనే కుర్రాడు చెప్తే ఆంత్వాన్ గాలాన్ అనే ఫ్రెంచి పండితుడు తన పుస్తకంలో చేర్చాడు. పైగా ఆ కథ జరిగేది చైనాలో! అందులో మాయావి ఎక్కడో ఆఫ్రికా పడమటి వైపు నుంచి వస్తాడు. ఈ చైనా, ఆఫ్రికా సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అక్కడికే వస్తాను.

అలాద్దీన్‌లో లేనివి మూడున్నాయి. బలి లేదు, దేవత లేదు, మొసలి లేదు. ఈ మూడూ ఎక్కడి నుంచి వచ్చాయన్నదే అసలు ప్రశ్న.

మొదట పాతాళం. ఇంగ్లీష్ మీడియంలో చదివినందుకు నాకు పాతాళం అంటే అండర్‌వరల్డ్, అండర్‌వరల్డ్ అంటే హెల్. మంటలు, నూనె మూకుళ్ళు. మా గేమ్‌లో కూడా పాతాళం లెవెల్‌కి ఎర్ర రంగు, లావా వేశాం. అది పూర్తిగా తప్పు. నరకం వేరు, పాతాళం వేరు. భూమి కింద అతలం, వితలం, సుతలం, తలాతలం, మహాతలం, రసాతలం, పాతాళం అని ఏడు లోకాలు. భాగవతం వీటిని బిలస్వర్గాలు అంటుంది, అంటే బిలంలో ఉన్న స్వర్గాలు. అక్కడ సూర్యుడు ఉండడు, నాగుల పడగల మీది మణులే వెలుగు. నారదుడు పాతాళం చూసొచ్చి ఇంద్రలోకం కంటే అదే బాగుందని చెప్పినట్టు విష్ణుపురాణంలో ఉంది. అంటే సంపదలుండే చోటు పాతాళమే. ధనం కావాలన్న కుర్రాణ్ణి మాంత్రికుడు కిందికి ఎందుకు తీసుకెళ్తాడో అప్పుడు అర్థమైంది. బంగారం ఆకాశంలో ఉండదు, భూమిలో ఉంటుంది. లావా తీసేసి చీకట్లో నీలం, పచ్చ మణుల వెలుగు పెట్టాం. లెవెల్ ఒక్కసారిగా అందంగా అయింది, ఇది మాత్రం గర్వంగా చెప్పుకుంటాను.

రెండోది మొసలి. సినిమాలో బలికి ముందు రాముణ్ణి స్నానం చేసి రమ్మంటాడు మాంత్రికుడు. కోనేట్లో మొసలి పట్టుకుంటుంది. రాముడు దాన్ని చంపితే శాపం తీరి ఒక దివ్యస్త్రీ బయటికొచ్చి, నిన్ను బలివ్వబోతున్నాడని మాంత్రికుడి గుట్టు చెప్తుంది. ఇది చెప్తుంటే నాయనమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ తల కూడా ఎత్తకుండా "కాలనేమి కథ" అంది.

నాకు కాలనేమి ఎవరో తెలియదు. లక్ష్మణుడు మూర్ఛపోయినప్పుడు హనుమంతుడు మందు కోసం వెళ్తుంటే ఆపడానికి రావణుడు పంపిన రాక్షసుడట. ముని వేషం వేసుకుని దారిలో ఆశ్రమం కట్టి కూర్చుంటాడు. దాహం అంటే సరస్సు చూపిస్తాడు. అందులో మొసలి హనుమంతుణ్ణి పట్టుకుంటుంది. చంపగానే అప్సరసగా మారి, వాడు ముని కాదు రాక్షసుడు అని చెప్తుంది. హనుమంతుడు వెనక్కొచ్చి, గురుదక్షిణ తీసుకో అని ఒక్క గుద్దు గుద్దుతాడు. ఇది వాల్మీకి రాసినదాంట్లో లేదు, అధ్యాత్మ రామాయణంలో ఉంది. సినిమాలో సన్నివేశం పక్కన పెట్టి చూడండి. దొంగ గురువు, నీళ్ళు, మొసలి, శాపం, హెచ్చరిక. వరస కూడా మారలేదు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, బలి. భూమి కింద గుహ, అందులో భయంకరమైన దేవత, ఆమె ముందు బలివ్వాలని తెచ్చిన వీరుడు, చివరికి బలిచ్చేవాడి తలే తెగడం. ఇది మైరావణుడి కథ. మైరావణుడు పాతాళానికి రాజు. హనుమంతుడు తోకతో కోట కట్టి కాపలా కాస్తుంటే, విభీషణుడి వేషంలో లోపలికి వెళ్ళి రామలక్ష్మణుల్ని ఎత్తుకుపోతాడు. పాతాళంలో కాళికి బలివ్వాలని వాడి ఆలోచన. హనుమంతుడు వెంటపడి వెళ్తే గుమ్మం దగ్గర కాపలా ఉన్నది ఎవరనుకున్నారు? ఆయన కొడుకు మత్స్యవల్లభుడు. (ఆయనకు కొడుకేంటని అడిగితే నాయనమ్మ "చెమట బొట్టు చేప మింగింది" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.) బలిపీఠం దగ్గర దేవికి సాగిలపడి మొక్కమంటాడు మైరావణుడు. నేను రాజును, నాకందరూ మొక్కడమే గానీ నేను మొక్కడం తెలియదు, ఎట్లాగో చూపించమంటాడు రాముడు. వాడు చూపించడానికి వంగుతాడు. అంతే.

ఇది కూడా వాల్మీకంలో లేదు. కానీ తోలుబొమ్మలాటలో, యక్షగానంలో, జనం నోళ్ళలో ఈ కథ వందల ఏళ్ళుగా ఉంది. 1951లో సినిమా హాల్లో కూర్చున్న రైతుకి పాతాళం, దేవత, బలి కొత్త లోకం కాదు. టికెట్ కొనకముందే ఆయనకు ఆ లోకం మ్యాప్ మొత్తం తెలుసు. మాకు గేమ్‌లో ట్యుటోరియల్ పెట్టాల్సి వస్తుంది, పింగళి గారికి ఆ అవసరం రాలేదు.

"ఎట్లా మొక్కాలో నువ్వే చూపించు" అన్న ఉపాయం ఇంకొక చోట కూడా ఉంది. చందమామ చదివినవాళ్ళకు తెలిసే ఉంటుంది, విక్రమార్కుడు, బేతాళుడు. చందమామను 1947 జూలైలో మొదలుపెట్టింది కూడా ఈ నాగిరెడ్డి, చక్రపాణులే! రాజు చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుని ఎందుకు మోస్తున్నాడని ఎప్పుడైనా ఆలోచించారా? ఒక భిక్షువు రోజూ ఒక పండు తెచ్చిస్తాడు, అందులో రత్నం ఉంటుంది. బదులుగా శ్మశానంలో తన పూజకు ఆ శవం తెమ్మంటాడు. రాజునే బలిచ్చి సిద్ధి పొందాలని వాడి ప్లాన్. ఆ గుట్టు బేతాళుడు చెప్తాడు. మొక్కమంటే మొక్కి చూపించమను, వంగగానే నరుకు అంటాడు. నమ్మించి తీసుకెళ్ళే గురువు, ముందే హెచ్చరించే అతీత శక్తి, తిరగబడే బలి. రామాయణం వైపు నుంచి మైరావణుడు, బేతాళ కథల వైపు నుంచి భిక్షువు, రెండు వైపుల నుంచీ నడిచొచ్చి ఇద్దరూ నేపాళ మాంత్రికుడిలో కలిసిపోయారు.

ఈ బేతాళ కథలు మనకు దొరికేది సోమదేవుడి కథాసరిత్సాగరంలో. 11వ శతాబ్దం, కాశ్మీరం. కానీ దానికి మూలం గుణాఢ్యుడు పైశాచీ భాషలో రాసిన బృహత్కథ. గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులో ఉండేవాడని చెప్తారు. ఏడు లక్షల శ్లోకాలు రాస్తే రాజు వద్దన్నాడని, అడవిలో జంతువులకు చదివి వినిపిస్తూ ఒక్కో పుటా మంటల్లో వేశాడని, లక్ష మిగిలాక రాజు పరిగెత్తుకొచ్చాడని కథ. ఆ మిగిలిన లక్ష కూడా తర్వాత పోయింది. బ్యాకప్ లేని డేటా! కథాసరిత్సాగరంలో బేతాళుణ్ణి మోసే రాజు ఉజ్జయిని వాడు కూడా కాదు. గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం వాడు, పేరు త్రివిక్రమసేనుడు. అంటే గోదావరి దగ్గర పుట్టిన కథ కాశ్మీరం దాకా వెళ్ళి, ఉజ్జయిని మీదుగా మళ్ళీ తెలుగులోకి వచ్చింది. 15వ శతాబ్దంలోనే జక్కన 'విక్రమార్క చరిత్రము' రాశాడు.

ఇక సినిమాకి నేరుగా ఆధారం అని చెప్పేది మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు'. పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి కాలినడకన బయల్దేరతాడు. ఒక్కడే పోవడం కష్టమని పశువులు కాసే కుర్రాణ్ణి తోడు పిలుస్తాడు. వాడు ఒక షరతు పెడతాడు. ప్రతి మజిలీలో దారిలో కనిపించిన వింత గురించి అడుగుతా, కథ చెప్పాలి, లేకపోతే వెనక్కి పోతా. మొత్తం పుస్తకం ఆ షరతు మీద నడుస్తుంది. నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. కథ వినేది రాజు కాదు, పశువుల కాపరి. సినిమాలో వీరుడు కూడా రాజకుమారుడు కాదు, తోటమాలి కొడుకు. ఆ పుస్తకం భాష గ్రాంథికం. నేను చదివితే రెండు పేజీలకు అరగంట పట్టింది, సగం అర్థం కాలేదు. ఐదో తరగతితో బడి మానేసిన నాయనమ్మ అదే పేజీ రాగం తీస్తూ పైకి చదివితే మాత్రం అర్థమైంది. అది ఎట్లా జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు.

సరే, శీర్షికలో ప్రశ్న. మాంత్రికుడు నేపాళం నుంచే ఎందుకు రావాలి?

వెతుకుతుంటే తమాషా ఒకటి దొరికింది. ఉత్తరాది సంస్కృత రచయితలు తమ కథల్లో మాంత్రికుణ్ణి ఎక్కడి నుంచి తెప్పించారో తెలుసా? మన దగ్గరి నుంచి! 7వ శతాబ్దంలో బాణుడు రాసిన హర్షచరిత్రలో భైరవాచార్యుడు అనే ఆయన ఉంటాడు. అమావాస్య ముందు రాత్రి శవం మీద కూర్చుని బేతాళ సాధన చేస్తాడు, రాజు కత్తి పట్టుకుని కాపలా. ఆ భైరవాచార్యుడు దాక్షిణాత్యుడు. ఈయన మంచివాడే, రాజును మోసం చెయ్యడు. తర్వాతి శతాబ్దంలో భవభూతి రాసిన 'మాలతీమాధవం' నాటకంలో మాత్రం అఘోరఘంటుడు అనే కాపాలికుడు నాయికను చాముండికి బలివ్వబోతాడు. నాయకుడొచ్చి వాణ్ణి చంపుతాడు. వాడూ, వాడి శిష్యురాలు కపాలకుండలా శ్రీపర్వతం నుంచి వచ్చినవాళ్ళు. శ్రీపర్వతం అంటే మన శ్రీశైలం. అంతకు ముందు ఇక్ష్వాకుల శాసనాల్లో అయితే నాగార్జునకొండ దగ్గరి కొండకు ఆ పేరు. ఇప్పుడు ఆ లోయ సాగర్ నీళ్ళ కింద ఉంది. ఆ నీళ్ళే ఎడమ కాలువలో మా కోదాడ పొలాలకు వస్తాయి.

అంటే ఉత్తరాదివాళ్ళకు మాంత్రికుడు కృష్ణ ఒడ్డు నుంచి వస్తాడు, కృష్ణ ఒడ్డున ఉన్న మనకు నేపాళం నుంచి వస్తాడు, అలాద్దీన్ ఉన్న చైనాకు ఆఫ్రికా నుంచి వస్తాడు. చూడని ఊరు ఎవరికైనా మంత్రాల ఊరే. నేపాళ మాంత్రికుడి పూర్వీకుల్ని వెతుక్కుంటూ నేపాల్ దాకా వెళ్ళక్కర్లేదు, శ్రీశైలం బస్సెక్కితే చాలు. గౌరన 15వ శతాబ్దంలో రాసిన 'నవనాథ చరిత్ర' ద్విపద కావ్యం శ్రీశైలంలోని మఠాధిపతి కోరిక మీద రాసిందే. సిద్ధులు, బంగారం చేసే విద్య, నరికిన కాళ్ళూ చేతులూ మళ్ళీ మొలవడం, అన్నీ ఉన్నాయి అందులో.

బలి కూడా ఒట్టి కల్పన కాదు. శ్రీశైలంలో వీరశిరోమండపం ఉంది. రెడ్డి రాజు అనవేముడు 1377లో కట్టించాడు. వీరశైవ భక్తులు తమ తలలు, నాలుకలు తామే కోసి శివుడికి ఇచ్చుకున్న చోటు అది. తెలంగాణ ఊళ్ళలో పాత వీరగల్లుల మీద తన జుట్టు తానే పట్టుకుని మెడకు కత్తి పెట్టుకున్న వీరుడి బొమ్మ కనిపిస్తుంది. ఇప్పుడు కాలం మారి మనుషుల బదులు గొర్రెలు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్ళకోసారి పెద్దగట్టు జాతర జరిగితే లింగమంతుల స్వామి పక్కనున్న చౌడమ్మకు వేటలు పడతాయి. మా హాస్టల్లో సగం మంది ఆ జాతరకు వెళ్ళినవాళ్ళే. పాతాళ భైరవి గుహ మనకు అంత దూరం ఏమీ కాదు.

ఇక్కడి దాకా రాసి ఆపేద్దామనుకున్నాను. కానీ ఇంకొక విషయం ఉంది, అది రాయకపోతే మోసం చేసినట్టు ఉంటుంది.

మా గేమ్ మొదటి లెవెల్‌లో చిన్న శత్రువు ఒకటి ఉండేది. గుడిసె ముందు కూర్చునే ముసలామె, జుట్టు విరబోసుకుని ఉంటుంది, దగ్గరికెళ్తే శాపం పెడుతుంది. రాయి విసిరితే చచ్చిపోతుంది, పది పాయింట్లు. బొమ్మ నేనే గీశాను. నాయనమ్మకు అది చూపిస్తే ఏమీ అనలేదు, చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా మా ఊళ్ళో ఒకామె పేరు చెప్పి, "ఆమె లెక్కనే గీసినవ్ గదరా" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఊళ్ళో చివరి వీధిలో ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. భర్త లేడు, పిల్లలు లేరు. బాణామతి చేస్తుందని అనేవాళ్ళు. ఎవరి బర్రె పాలివ్వకపోయినా, ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా ఆమె పేరే. మేం పిల్లలం ఆ వీధిలో ఊపిరి బిగబట్టి పరిగెత్తేవాళ్ళం. ఒకసారి ఆమె ఇంటి తలుపు మీద రాయి వేసి పారిపోయాం. వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఏడేళ్ళుంటాయేమో. ఆమె బయటికొచ్చి తిట్టలేదు. తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకున్న చప్పుడు వినిపించింది. ఆమె ఎవరికీ ఏమీ చెయ్యలేదని, కాన్పులప్పుడు మా నాయనమ్మకే రెండుసార్లు సాయం చేసిందని ఇప్పుడు తెలిసింది.

చేతబడి, బాణామతి అనుమానంతో కొట్టడం, పళ్ళు పీకడం, చంపడం మన రాష్ట్రంలో ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉంది. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి వాటి మీద ప్రత్యేక చట్టాలు చేశాయి. పాతాళ భైరవి వల్ల ఇది జరిగిందని నేను అనడం లేదు. ఆ సినిమాలో మాంత్రికుడు రాజులకు సమానంగా మాట్లాడతాడు, మనం భయపడుతూనే నవ్వుతాం, అతన్ని ప్రేమిస్తాం కూడా. కథలో మాంత్రికుడికి బలం ఉంటుంది, శిష్యుడు ఉంటాడు, చచ్చినా బతికొస్తాడు. ఊళ్ళో ఆ పేరు పడేది ఏ బలమూ లేని మనిషి మీద. ఒకే మాట, రెండు చోట్లా అర్థం తలకిందులు. నేను గీసిన బొమ్మ మాత్రం సినిమాలోది కాదు, మా ఊళ్ళోది.

ఆ ముసలామెను గేమ్‌లోంచి తీసేశాం. గుడిసె అలాగే ఉంది, ఇప్పుడు అందులో ఎవరూ లేరు, తలుపు గడియ వేసి ఉంటుంది. దాన్ని కూడా తీసెయ్యమని మావాళ్ళు అంటున్నారు, నేను ఒప్పుకోలేదు.

మాంత్రికుడికి గౌను, టోపీ పోయాయి. ఇప్పుడు నుదుట పెద్ద బొట్టు, మెడలో పూసలు, భుజాన శాలువా. మొసలి రెండో లెవెల్ కోనేట్లో ఉంటుంది, దాన్ని గెలిస్తే గుట్టు చెప్తుంది. చివరి లెవెల్‌లో మాంత్రికుణ్ణి కత్తితో ఎంత కొట్టినా లైఫ్ తగ్గదు. స్క్రీన్ మీద "దేవికి మొక్కు" అని వస్తుంది. ఆటగాడు ఏం చెయ్యాలో మీకు తెలుసు. మాతో పాటు హాస్టల్లో ఆడి చూసిన ఆరుగురిలో ఒక్కడే కనిపెట్టాడు, వాడికి వాళ్ళ తాత మైరావణుడి కథ చెప్పాడట. మిగతా ఐదుగురు బగ్ ఉందని రిపోర్ట్ పెట్టారు.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాయనమ్మకు చూపించాలి. గడ్డం ఇంకా సరిగ్గా రాలేదు.